కొలనోస్కోపీకి పేగు శుభ్రం చేసుకోవడం: వారం ముందు నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా

కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా ట్యూబు పంపి పెద్దపేగుని లోపల నుంచి చూసే పరీక్ష. ఆ మాట అనగానే జనం భయపడేది ట్యూబుకి. ట్యూబు లోపల ఉండే ఆ అరగంటా మత్తులో గడిచిపోతుంది, చాలామందికి తర్వాత గుర్తు కూడా ఉండదు. పరీక్ష పనికొస్తుందా లేదా అన్నది తేలేది అంతకు ముందు రోజు, మీ వంటింట్లోనూ బాత్‌రూంలోనూ. లోపల మలం అంటుకుని ఉంటే ఎంత చేయి తిరిగిన డాక్టరైనా దాని కింద ఏముందో చూడలేరు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం శుభ్రం చేసుకోవడం గురించే.

పెద్దపేగు కేన్సర్లు ఎక్కువగా పాలిప్ అనే చిన్న బొడిపెతో మొదలవుతాయి. అందులో అడినోమా రకం బొడిపె కేన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. ఈ లోపు కనబడితే పరీక్ష చేస్తూనే వైరు ఉచ్చుతో కోసి తీసేస్తారు, కథ అక్కడితో ఆగిపోతుంది. పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. కొలనోస్కోపీకి రమ్మని పిలిచిన గుంపులో పదేళ్ళలో ఈ కేన్సర్ 18 శాతం తక్కువగా వచ్చింది. పిలిచినవాళ్ళలో నిజంగా వచ్చి చేయించుకున్నది 42 శాతమే అయినా ఆ మాత్రం తేడా కనబడింది.

ఎవరికి, ఏ వయసులో

అమెరికాలో 2021 నుంచి మామూలు రిస్కు ఉన్నవాళ్ళకి 45 ఏళ్ళకే మొదలుపెట్టమంటున్నారు, అంతకుముందు 50 ఉండేది. 75 దాకా కొనసాగించాలి. 76 నుంచి 85 మధ్య ఆరోగ్యాన్ని బట్టి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఇంగ్లండులో 50 నుంచి 74 వరకు రెండేళ్ళకోసారి మలపరీక్ష కిట్ ఇంటికే పంపుతారు, తేడా వస్తేనే కొలనోస్కోపీ. మన దేశంలో ప్రభుత్వ కేన్సర్ స్క్రీనింగ్ కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మీదే నడుస్తోంది. పెద్దపేగుకి ఎవరూ పిలిచి చేయరు, మనమే అడిగి చేయించుకోవాలి.

ఇంట్లో చరిత్ర ఉంటే లెక్క మారుతుంది. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు వీళ్ళలో ఎవరికైనా ఈ కేన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్ళకి గానీ, వాళ్ళకి వచ్చిన వయసు కంటే పదేళ్ళు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టాలి. నాన్నకి 46లో బయటపడితే మీకు 36లో అన్నమాట. ఆయనకి 60 లోపే వచ్చి ఉంటే ప్రతి అయిదేళ్ళకీ చేయించుకోవాలి. లించ్ సిండ్రోమ్ లాంటి వంశపారంపర్య జబ్బులున్న కుటుంబాల్లో ఇరవైల్లోనే మొదలవుతుంది, అది జెనెటిక్ కౌన్సెలింగుతో తేల్చుకోవాల్సిన సంగతి.

ఇదంతా ఏ లక్షణమూ లేనివాళ్ళకి. మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారిపోవడం ఉంటే వయసుతో పనిలేదు, ముప్పైల్లో ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మన ఊళ్ళలో రక్తం పడగానే మొలలనుకుని, బోర్డు చూసి పైల్స్ క్లినిక్కుకి వెళ్ళి, నెలల తరబడి పూత మందులు వాడే అలవాటు ఉంది. మొలలున్నవాళ్ళకి పైన కేన్సర్ ఉండకూడదనేమీ లేదు, రెండూ ఒకేసారి ఉండవచ్చు.

కొలనోస్కోపీకి మనసొప్పనివాళ్ళు మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఏటా చేయించుకోవచ్చు. దానికి పథ్యం అక్కర్లేదు. ల్యాబులో మామూలు ఆకల్ట్ బ్లడ్ కాకుండా ఇమ్యునోకెమికల్ పద్ధతి కావాలని అడగండి. పాత రసాయన పద్ధతిలో తిన్న మాంసం కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. మలం టాయిలెట్ నీళ్ళలో పడకముందే, పేపరు మీదో కవరు మీదో పట్టి తీయాలి. నెలసరి రోజుల్లో, మొలల నుంచి రక్తం కారుతున్నప్పుడు వద్దు. పాజిటివ్ వస్తే ఇంకోసారి ఫిట్ చేయించుకుని నెగటివ్ వచ్చిందని ఊరుకోకూడదు, ఆపైన కొలనోస్కోపీయే.

టైము తీసుకునేటప్పుడే చూసుకోవాల్సినవి

జిల్లాల నుంచి హైదరాబాదో విజయవాడో విశాఖో వచ్చి చేయించుకునేవాళ్ళకి అసలు ఇబ్బంది ప్రయాణంతో వస్తుంది. పేగు శుభ్రం చేసే మందుని రెండు సగాలుగా తాగాలి, అందులో రెండో సగం పరీక్షకి నాలుగైదు గంటల ముందు. తాగాక ఆర్టీసీ బస్సులో మూడు గంటలు కూర్చోవడం కుదిరే పని కాదు. ముందు రోజే వచ్చి ఆస్పత్రి దగ్గర్లో, గదిలోనే బాత్‌రూం ఉన్న లాడ్జిలో దిగండి. లేదా ప్రిపరేషన్ మొత్తం వార్డులోనే చేయిస్తారేమో అడగండి. గంట దూరంలో ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం స్లాటు సుఖం.

ఇంకో మూడు ప్రశ్నలు అడిగితే తప్పేం లేదు. మత్తు ఎవరు ఇస్తారు? పేగు ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ వాడతారా? దాన్ని ఒళ్ళు త్వరగా పీల్చేసుకుంటుంది కాబట్టి తర్వాత కడుపుబ్బరం తక్కువ. పాలిప్ కనబడితే అప్పుడే తీస్తారా, ఇంకో రోజు రమ్మంటారా? రెండోదైతే ఈ శుభ్రం చేసుకునే బాధ మళ్ళీ మొదటి నుంచి పడాలి.

వారం ముందు: మందుల లెక్క

వాడే ప్రతి మందూ, ఆయుర్వేదం చూర్ణాలతో సహా, ఒక కాగితం మీద రాసి బుకింగు రోజే చూపించండి. ముందు రోజు రాత్రి ఫోను చేసి అడిగితే కొన్నింటికి ఆలస్యమైపోతుంది.

ఐరన్ మాత్రలు 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. అవి మలాన్ని నల్లగా, జిగురుగా చేసి గోడకి అంటిస్తాయి. ఇసబ్‌గోల్ లాంటి పీచు పొడులు కూడా అప్పుడే ఆపేయాలి.

రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపొద్దు. గుండెలో స్టెంటు ఉన్న మనిషి క్లోపిడోగ్రెల్ తనంతట తాను ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు, పాలిప్ కంటే అది పెద్ద ప్రమాదం. ఆస్పిరిన్ మామూలుగా కొనసాగిస్తారు. క్లోపిడోగ్రెల్ ఆపాల్సివస్తే 5 నుంచి 7 రోజులు, వార్ఫరిన్ 5 రోజులు, అపిక్సబాన్, రివరోక్సబాన్ లాంటివి ఒకటి నుంచి మూడు రోజులు ముందు ఆపిస్తారు. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరూ ఎండోస్కోపీ డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి.

షుగరు మందుల్లో అందరూ మర్చిపోయేది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కుటుంబం. వీటిని మూడు రోజుల ముందే ఆపాలి. తిండి లేకుండా ఇవి వేసుకుంటే షుగరు దాదాపు మామూలుగా చూపిస్తూనే ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోతాయి. వాంతులు, ఆయాసం వస్తే మందు పడక అనుకుంటారు, కానీ అది ఎమర్జెన్సీ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ పస్తు మీద వేసుకుంటే షుగరు పడిపోతుంది. అన్నం మానేసే పూట నుంచి వాటిని ఎలా తగ్గించాలో, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేసుకోవాలో రాయించుకోండి. సెమాగ్లుటైడ్ ఇంజెక్షను వాడుతుంటే తప్పకుండా చెప్పండి, కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది కాబట్టి మత్తిచ్చేవాళ్ళకి అది తెలియాలి. ప్రిపరేషన్ రోజు నాలుగైదు గంటలకోసారి గ్లూకోమీటరుతో చూసుకోండి, 70 కంటే తగ్గితే గ్లూకోజు నీళ్ళు తాగండి. బీపీ మాత్ర చాలామటుకు పొద్దున గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చు. మూత్రం ఎక్కువ పోయే మాత్రల సంగతి మాత్రం అడగాలి.

తిండి

పేగు సరిగ్గా శుభ్రం కాదన్న రిస్కు తక్కువగా ఉన్నవాళ్ళకి ముందు రోజు ఒక్కటీ పీచు తగ్గిస్తే చాలని ఇటీవలి అమెరికా మార్గదర్శకాలు అంటున్నాయి. మన వంటలో గింజలూ తొక్కలూ ఆకులూ ఎక్కువ కాబట్టి మూడు రోజులు పాటించడం మేలు. మలబద్ధకం ఉన్నవాళ్ళకి ఇది మరీ అవసరం. స్కోపు ట్యూబులో నీళ్ళు పీల్చే గొట్టం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, అటుఇటుగా. టమాటా తొక్క, కరివేపాకు, ఆవాలు అందులో ఇరుక్కుంటే బయటికి లాగి శుభ్రం చేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

మానేయాల్సినవి: ఆకుకూరలన్నీ, గోంగూర, బెండ, వంకాయ, టమాటా, మునక్కాడ, పప్పులు, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, బ్రౌన్ రైస్, జామ, దానిమ్మ, సబ్జా గింజలు, నువ్వుల పొడి, కరివేపాకు పొడి, పల్లీ చట్నీ, గసాలు పడ్డ మసాలా కూరలు, ఊరగాయలు. పెరుగన్నం తినొచ్చన్నారని పక్కన ఆవకాయ బద్ద పెట్టుకుంటే ఆ పథ్యం లెక్కలోకి రాదు.

తినదగ్గవి: తెల్లన్నం, ఇడ్లీ, మైదా బ్రెడ్, తాలింపు లేని సేమియా ఉప్మా, తొక్క తీసి ఉడికించిన బంగాళాదుంప, గింజలు తీసేసిన లేత సొరకాయ, గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన చికెన్, పెరుగు, వడకట్టిన చారు. తాలింపు వేయకపోవడం ఇంట్లో అందరికంటే కష్టంగా తోచేది వండేవాళ్ళకే. వేస్తేనే రుచి అనిపిస్తే నూనెలో వేయించి గింజలు వడకట్టి ఆ నూనె కలపండి.

ముందు రోజు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం లోపు కొంచెం పెరుగన్నం. ఆ తర్వాత గట్టి తిండి ఆపి, పారదర్శకంగా ఉండేవి మాత్రమే. గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు కనబడాలి, అదే పరీక్ష. నీళ్ళు, లేత కొబ్బరినీళ్ళు, గుజ్జు లేకుండా వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ, వడకట్టిన యాపిల్ రసం, లీటరు నీటిలో కలిపే ఓఆర్ఎస్, ముక్కలు లేని చికెన్ సూపు నీళ్ళు. పాలు, మజ్జిగ, గంజి, రాగిజావ అక్షరాలు కనబడనివ్వవు కాబట్టి వద్దు. ఎరుపు, ఊదా రంగు పానీయాలు లోపల రక్తంలా కనబడతాయి, అందుకని బీట్‌రూట్, నల్లద్రాక్ష, రోజ్ షర్బత్ మానాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు కొబ్బరినీళ్ళ పొటాషియం సంగతి డాక్టరుతో మాట్లాడాకే తాగాలి.

ఉత్త మంచినీళ్ళే లీటర్ల కొద్దీ తాగడం కూడా మంచిది కాదు, ముఖ్యంగా ముసలివాళ్ళకి. ఒంట్లో సోడియం పడిపోయి మగతగా అయిపోతారు. ఉప్పూ పంచదారా ఉన్నవి మధ్యమధ్యలో కలుపుకోండి.

మందు కలపడం, తాగడం

మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది పెగ్, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్, లవణాలు కలిపిన పొడి. పెగ్లెక్ ప్యాకెట్టు 137.15 గ్రాములుంటుంది, మొత్తం ప్యాకెట్టుని 2 లీటర్ల నీళ్ళలో కలపాలి. చెంబులతో అంచనా వేయకుండా రెండు లీటరు సీసాలతో కొలవండి. పెగ్ పేగులోకి ఇంకదు, తన నీళ్ళు తానే మోసుకుంటూ కిందికి పోతుంది. లవణాలు రక్తంతో సమానంగా ఉండేలా ఆ కొలత పెట్టారు, నీళ్ళు ఎక్కువతక్కువైతే ఆ లెక్క చెడుతుంది. రుచి బాగోలేదని పంచదారో తేనో కలపొద్దు. పేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి మండే వాయువు తయారుచేస్తుంది, పాలిప్ తీసేటప్పుడు కరెంటుతో కాల్చే పని ఉంటుంది కదా.

కలిపాక రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెడితే ఉప్పటి జిడ్డు రుచి సగం తగ్గుతుంది. గ్లాసుకి 200 నుంచి 250 మి.లీ. పోసి, 10-15 నిమిషాలకొక గ్లాసు తాగాలి. చప్పరిస్తూ కూర్చుంటే కష్టం, స్ట్రాతో నాలుక వెనక్కి పట్టి గటగటా తాగేసి నిమ్మచెక్క నాకండి. వికారం వస్తే అరగంట ఆగి, కొంచెం నడిచి, మళ్ళీ మెల్లగా మొదలుపెట్టండి. తాగిందంతా వాంతయితే ఆస్పత్రికి ఫోను చేయాలి. కడుపు బిగుసుకుపోయి తీవ్రంగా నొప్పి వచ్చినా, విరేచనం ఒక్కటీ కాకుండా వాంతులవుతున్నా ఇక తాగకండి, పేగు ఎక్కడైనా మూసుకుపోయి ఉండవచ్చు.

చిన్న సీసాల్లో వచ్చే సల్ఫేటు మందులు తాగడం సులువు, కానీ అవి ఒంట్లోంచి నీళ్ళు లాగుతాయి. సీసాని నీళ్ళతో దాదాపు అర లీటరు చేసి తాగి, ఆ తర్వాత గంటలో ఇంకో లీటరు నీళ్ళు తప్పక తాగాలి. సోడియం ఫాస్ఫేటు ద్రావణం వేరు, అది కిడ్నీలని దెబ్బతీసే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవాళ్ళకీ పెద్దవయసువాళ్ళకీ అది వద్దు. మెడికల్ షాపులో ఒకటి లేదని ఇంకోటి చేతిలో పెడితే తీసుకోకండి.

రెండో సగం ఎందుకు తెల్లవారుజామునే

ఉదయం 10 గంటల పరీక్షకి: ముందు రోజు సాయంత్రం 6కి మొదలుపెట్టి మొదటి లీటరు. తెల్లవారుజామున 5కి రెండో లీటరు, ఆరున్నరకల్లా ముగించాలి. సూత్రం ఏమిటంటే రెండో సగం పరీక్షకి 4 నుంచి 6 గంటల ముందు మొదలై, కనీసం 2 గంటల ముందు అయిపోవాలి. ఆ రెండు గంటలూ నీళ్ళు కూడా వద్దు, మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మధ్యాహ్నం రెండింటి పరీక్ష అయితే మొత్తం మందు ఆ పొద్దునే తాగమని కూడా కొందరు డాక్టర్లు చెబుతారు.

రాత్రే మొత్తం తాగేసి హాయిగా పడుకుంటానంటారు చాలామంది. అలా చేస్తే రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యరసం, జిగురు దిగి పెద్దపేగు కుడివైపు గోడకి పూతలా అంటుకుంటుంది. కుడివైపు వచ్చే పాలిప్‌లలో కొన్ని చదునుగా, గోడ రంగులోనే ఉంటాయి. ఆ పూత కింద అవి అసలు కనబడవు. కొలనోస్కోపీ చేయించుకున్నాక కూడా కేన్సర్ బయటపడిన సంఘటనల్లో కుడివైపు ఎక్కువగా ఉండడానికి ఇదొక కారణం. అయిదింటికి లేవడం బద్ధకమే, కానీ ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కటి మాత్రమే సరిగ్గా చేయగలనంటే అది ఇదే అవ్వాలి.

మందు మొదలైన గంట రెండు గంటల్లో విరేచనాలు పట్టుకుంటాయి, కొందరికి మూడు గంటలు. మొదటి నుంచే మలద్వారం దగ్గర వాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాసుకోండి, మండాక రాస్తే ఆలస్యం. బాత్‌రూం లైటు వేసే ఉంచండి, నేల తడి తుడవండి. ముసలివాళ్ళకి రాత్రి కళ్ళు తిరుగుతాయి కాబట్టి పక్కన మనిషి ఉండాలి, లోపలి గడియ పెట్టుకోనివ్వకండి.

చివర వచ్చేది మూత్రంలా పసుపుగా, అడుగు కనబడేలా ఉండాలి. గోధుమరంగు నీళ్ళు, నలకలు, బురదలాంటిది వస్తుంటే ఇంకా అవలేదు. "నీళ్ళలాగే అవుతోంది కదా" అని మందు సగంలో ఆపేసేది ఇక్కడే. నీళ్ళలా అవడం వేరు, తేటగా అవడం వేరు. మొత్తం తాగినా తేటపడకపోతే బయలుదేరే ముందే ఫోను చేసి చెప్పండి. ఇంకొంత మందో, ఎనిమానో ఇచ్చి అదే రోజు సరిచేయొచ్చు. చెప్పకుండా వెళ్తే సగంలో ఆపి ఇంటికి పంపుతారు. మలబద్ధకం, చాలాకాలపు షుగరు, పాత కడుపు ఆపరేషన్, మార్ఫిన్ తరహా నొప్పి మాత్రలు ఉన్నవాళ్ళకి మామూలు డోసు తరచూ చాలదు, బైసకోడిల్ అనే విరేచనం మాత్ర కలిపో, పెగ్ పెంచో ఇవ్వమని ముందే గుర్తుచేయండి.

పరీక్ష రోజు, ఆ తర్వాత

కట్టుడు పళ్ళు, గోళ్ళ రంగు తీసేసి, ఒక మనిషిని తోడు తీసుకుని వెళ్ళండి. 24 గంటల వరకు బండి నడపకూడదు, బ్యాంకు కాగితాల మీద సంతకాలు వద్దు. ఎడమవైపు పడుకోబెట్టి మత్తిచ్చి చేస్తారు. పదివేల పరీక్షల్లో సుమారు మూడింటిలో పేగుకి చిల్లు పడుతుంది, సుమారు పదిహేనింటిలో ఎక్కువ రక్తస్రావం అవుతుంది. కడుపు గట్టిపడి నొప్పి, జ్వరం, గడ్డలుగా రక్తం, కళ్ళు తిరగడం ఉంటే రాత్రని చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పాలిప్ తీసిన చోట రెండు వారాల దాకా రక్తం కారవచ్చు కాబట్టి ఆ రోజుల్లో దూరప్రయాణం పెట్టుకోకపోవడం నయం.

రిపోర్టులో చూడాల్సినవి ఇవి. సీకం దాకా, అంటే పెద్దపేగు మొదలయ్యే చోటు దాకా వెళ్ళారా, దాని ఫోటో ఉందా. శుభ్రతకి బోస్టన్ స్కోరు ఎంత: పేగుని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 ఉండాలి. మొత్తం 6 వచ్చినా ఏదో ఒక భాగానికి 1 ఉంటే చాలినట్టు కాదు, ఏడాదిలోపు మళ్ళీ చేయించుకోవాలి. వెనక్కి తీస్తూ చూడడానికి ఎంతసేపు పట్టింది: పాలిప్‌లు లేని పరీక్షకి సగటున 8 నిమిషాలైనా ఉండాలని 2024 అమెరికా ప్రమాణం. తీసిన పాలిప్ ఎన్ని మిల్లీమీటర్లు, ఎక్కడిది, ల్యాబుకి పంపారా.

బయాప్సీ రిపోర్టు విడిగా, కొన్ని రోజుల తర్వాత వస్తుంది. "అంతా బాగుంది, తీసేశాం" అన్న మాట విని దాన్ని తెచ్చుకోనివాళ్ళే ఎక్కువ. మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పేది ఆ కాగితమే. ఏమీ లేకపోతే పదేళ్ళు. పది మిల్లీమీటర్ల లోపు మామూలు అడినోమాలు ఒకటి రెండైతే 7 నుంచి 10 ఏళ్ళు, మూడు నాలుగైతే 3 నుంచి 5 ఏళ్ళు, అయిదు నుంచి పది ఉంటే 3 ఏళ్ళు. పది మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉన్నా, విల్లస్ అని గానీ హై గ్రేడ్ డిస్‌ప్లేసియా అని గానీ రాసి ఉన్నా 3 ఏళ్ళే. అడినోమాలు పదికి మించి దొరికితే ఏడాదికే. రెండు సెంటీమీటర్లు, అంతకు మించినదాన్ని ముక్కలుగా తీస్తే 6 నెలల్లో ఆ చోటు మళ్ళీ చూడాలి. ఏమీ లేదని తేలినవాళ్ళని రెండేళ్ళకోసారి రమ్మంటే ఎందుకని అడగొచ్చు.

మీ కాగితంలో పది మిల్లీమీటర్లు, అంతకు మించినది గానీ, విల్లస్ లేదా హై గ్రేడ్ అని రాసినది గానీ అడినోమా ఉంటే, దాని ఫోటో తీసి అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ పిల్లలకీ పంపండి, అది దొరికినప్పుడు మీ వయసెంతో కూడా రాసి. కేన్సర్‌కి చెప్పిన 40 ఏళ్ళ లెక్కే, పదేళ్ళ ముందు లెక్కే దానికీ వర్తిస్తుంది.